పదకొండు రోజుల ఫొటోలు

స్కూల్లో రెండు పీరియడ్ల మధ్య టీ తాగుతుంటే నా ఫోను నన్నొక ప్రశ్న అడిగింది. రెండు గుండ్రటి బొమ్మలు పక్కపక్కన పెట్టి, ఈ ఇద్దరూ ఒకరేనా అని. కింద మూడు జవాబులు: ఒకరే, వేరు, తెలియదు. ఎడమవైపు ఉన్నది అప్పటికి ఏడాది నిండిన మా పాప, పుట్టిన వారంలో తీసిన బొమ్మ. కుడివైపు ఉన్నది పాప కంటే రెండేళ్ల ముందు పుట్టి, పదకొండు రోజులు బతికి పోయిన నా మొదటి బిడ్డ.

నేను ఇచ్చోడలో లెక్కల టీచర్ని. ఒకటీ ఒకటీ కలిస్తే రెండని పిల్లలకు చెప్పి జీతం తీసుకునేదాన్ని. ఆ రోజు మాత్రం గ్లాసు పక్కన పెట్టి, ‘ఒకరే’ అన్నచోట వేలు పెట్టాను. ఆ ఒక్క నొక్కుడుకు తర్వాత ఎంత అనుభవించానో నాకే తెలుసు.

ఎందుకు నొక్కానంటే, మా అత్తమ్మ మాట నమ్మాలని నాకు చాలా ఆశగా ఉండేది. అత్తమ్మ చొప్పదండిలో ముప్పై ఏళ్లు బీడీలు చుట్టింది. వాడకట్టులో ఎవరి ఇంట్లో పిల్ల పుట్టినా స్నానం పోయడానికి ఆమెనే పిలిచేవాళ్లు. కాళ్లు చాపుకుని, పిల్లను కాళ్ల మీద బోర్లా వేసుకుని, నూనె రాసి, తల గుండ్రంగా రావాలని ఒత్తి, ముక్కు సాగదీసి, ఒక్కో పిల్లకు అరగంట చేసేది. నా మొదటి బిడ్డకూ ఇంట్లో ఉన్నన్ని రోజులూ ఆమే పోసింది. కరీంనగర్ దవాఖానలో కాన్పయి, నాలుగో రోజు చొప్పదండికి తెచ్చుకున్నాం. పదకొండో రోజు పొద్దున పిల్ల పాలు పట్టలేదు. ఊపిరి తేడాగా ఉందని బండి మాట్లాడుకుని బయలుదేరాం. కరీంనగర్ చేరేసరికి నా ఒళ్లోనే అయిపోయింది.

మా ఆయనా, బావగారూ తీసుకుపోయి వాగు ఒడ్డున మట్టిచేసి వచ్చారు. ఆడవాళ్లు పోకూడదు. ఆ చోటు ఎక్కడో నాకు ఈ రోజుకూ తెలియదు. అడిగితే చెప్పరు, చెబితే పోయి కూర్చుంటానని భయం. నేను స్నానం చేసి వచ్చేసరికి తొట్టెకని ముందే కట్టి ఉంచిన తాడు విప్పేశారు. పిల్లకు చుట్టిన పాత బట్టలు లేవు. అది మనది కాదనుకో అని వచ్చినవాళ్లందరూ చెప్పిపోయారు. ఎట్లా అనుకోవాలో మాత్రం ఒక్కరూ చెప్పలేదు. ఇంట్లో ఆ పిల్లది అంటూ మిగిలింది నా ఫోనులో ఉన్న ముప్పై ఏడు ఫొటోలే, అవి ఉన్నాయని అప్పుడు ఎవరికీ గుర్తు రాలేదు.

రెండేళ్లకు పాప పుట్టింది. ముందు పిల్ల దక్కలేదు కాబట్టి పాపను పెంటకుప్ప మీద పడుకోబెట్టి, పక్కింటావిడ ఎత్తుకుంటే, చేటెడు నూకలిచ్చి ఆమె దగ్గర మళ్లీ కొనుక్కున్నాం. చదువుకున్నదాన్ని, బీఈడీ చేసినదాన్ని, నోరు మూసుకుని చూస్తూ నిలబడ్డాను. పదకొండో రోజు దగ్గర పడుతుంటే నాకు అన్నం దిగలేదు. పిల్ల నిద్రపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. పన్నెండో రోజు తెల్లారాక కూడా భయం పోలేదు. అప్పుడు అత్తమ్మ పాపకు స్నానం పోస్తూ నాతో ఒక మాట అంది.

“మల్ల గదే వచ్చింది బిడ్డా. నిన్ను ఇడ్సి ఉండలేక నీ కాడికే వచ్చింది. లేచి ఇంత బువ్వ తిను.”

తిన్నాను. నమ్మానా అంటే, సగం. పాప నిద్రలో నవ్వితే ‘నువ్వేనా’ అని మనసులో అడిగేదాన్ని. అదే పిల్ల అయితే పోయే దారి కూడా దీనికి తెలుసు కదా అని వెంటనే భయం పట్టుకునేది. నా కళ్లముందు పెరుగుతున్న బిడ్డను నేను బిడ్డగా చూడలేకపోయాను. దాని వెనుక ఇంకొకరు ఉన్నట్టు, ఆ ఇంకొకరు దాని కళ్లలోంచి నన్ను చూస్తున్నట్టు ఉండేది. ఇట్లాంటి బుర్రతో ఉన్నదాన్ని ఫోను ‘ఒకరేనా’ అని అడిగితే ఏమంటాను? అవునన్నాను. యంత్రం కూడా అత్తమ్మ మాటే అంటోందని ఆ పూట కొంచెం తేలిగ్గా ఊపిరి తీసుకున్నాను.

నేను మరచిపోయిన సంగతి ఒకటుంది. పాప పుట్టినప్పుడు నేనే ఫోనులో పాప పేరు మీద ఒక ఆల్బమ్ తెరిచి, చొప్పదండిలో ఉన్న బావగారి ఫోనుకు కూడా కనిపించేలా పెట్టాను. పాప ముఖం ఎక్కడ కనిపించినా ఫొటో దానంతటదే అందులోకి పోయేటట్టు. ‘ఒకరే’ అని నొక్కగానే ఆ ముప్పై ఏడూ పాపవైపోయి అందులోకి పోయాయి. నాకు తెలియనే తెలియదు.

పాప మూడో యేట వేములవాడ పోయి, మొక్కు ప్రకారం గుళ్లో కోడెను కట్టి, పుట్టువెంట్రుకలు తీయించి, చొప్పదండిలో బావగారి ఇంట్లో భోజనాలు పెట్టుకున్నాం. అందరూ విస్తళ్ల ముందు ఉండగా బావగారు ఫోనును టీవీకి కలిపి, పాప వీడియో వచ్చిందని పెట్టారు. ఎవరూ చేసింది కాదు. ఫోనే ఫొటోలు ఏరుకుని, పాట పెట్టి చేసింది. మొట్టమొదట వచ్చిన బొమ్మ నా మొదటి బిడ్డ. రెండోది కూడా. మూడోది నేను దాన్ని ఒళ్లో పెట్టుకుని నవ్వుతున్నది. ఆ నవ్వు నాది అంటే నమ్మబుద్ధి కాలేదు.

పుట్టినప్పుడు పాప ఎంత సన్నగా ఉండేదో చూడండని ఎవరో దూరపు చుట్టం అంది. తెలిసినవాళ్లు కలిపిన ముద్ద చేతిలోనే పట్టుకుని ఉండిపోయారు. అత్తమ్మ విస్తరి ముందు నుంచి లేచి లోపలికి పోయింది. మా ఆయన వచ్చి టీవీ వెనక తీగ లాగేశాడు. గుండుతో, గంధంతో పాప మాత్రం నల్లటి టీవీ వైపు చూస్తూ ఇంకా పెట్టమని మారాం చేసింది.

గిన్నెలు కడిగే చోట అత్తమ్మ నన్ను పట్టుకుంది. గొంతు పెంచలేదు. “గా ఫొటోలు తీసెయ్. బతికున్నదాని మీద గాలి వడ్తది” అంది. తిరిగి ఇచ్చోడకు వస్తుంటే బస్సులో మా ఆయన కూడా అదే చెప్పాడు, ఇంకా ఎన్నాళ్లు పెట్టుకుంటావని. నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన దాన్ని మట్టిలో పెట్టి వచ్చాడు, చోటు ఆయనకు తెలుసు. అత్తమ్మ దానికి స్నానం పోసింది. నాకు ఫొటోలు తప్ప ఏమున్నాయి? అవీ తీసేస్తే ఆ పిల్ల పుట్టలేదనే అర్థం. నేను తీయదలచుకోలేదు. అయితే వాటిని ఈ ఇంట్లో ఎవరి కంటా పడకుండా, టీవీలోకి ఎక్కకుండా, పాప ఆల్బమ్‌లో కలవకుండా ఎక్కడ పెట్టాలో కూడా నాకు తెలియలేదు.

ఇంటికి రాగానే ‘వేరు’ అని మార్చాను. ఆ ఫోను ఒప్పుకుంటేనా? నెల తిరక్కముందే మళ్లీ అడిగింది, ఇద్దరూ ఒకరేనా అని. ఒకసారి తొమ్మిదో తరగతి పిల్లలకు లెక్క చేయించడానికి కాలిక్యులేటర్ తెరుస్తుంటే తెర మీదికి వచ్చింది: ‘ఐదేళ్ల కింద ఈ రోజు’. కింద నా బిడ్డ ముఖం. సరిగ్గా ఆ పదకొండో రోజు. సుద్దముక్క చేతిలో పట్టుకుని ఆ లెక్క సగంలోనే వదిలేశాను. తలనొప్పని చెప్పి పిల్లలను చదువుకోమన్నాను. ఆ తర్వాత ఫోను మోగితే చాలు, చూడాలంటే భయం వేసేది. బ్యాగులో బట్ట చుట్టి పెట్టుకునేదాన్ని, బట్టలోపలి నుంచి కూడా అది నన్ను పిలుస్తున్నట్టే ఉండేది.

మా స్కూల్లో కంప్యూటర్ చెప్పే టీచరమ్మను అందరం ఆపా అంటాం, అక్క అని. ఇదంతా ఆమె కనిపెట్టింది. ఆదిలాబాద్ నుంచి రోజూ వచ్చిపోయే మనిషి, నా కంటే పదేళ్లు పెద్ద. ఆమె వాళ్లమ్మ జీవితమంతా గోషాలో ఉండి, బయటి మగవాడి కంట తన ఫొటో పడకూడదని ఒట్టు పెట్టించుకుని పోయిందట. అమ్మ ఫొటోలను ఏ కంపెనీ మనిషీ, యంత్రమూ చూడని చోట పెట్టడానికి ఆపా అప్పటికే చాలా వెతికింది. నేను సంగతంతా చెబితే మధ్యలో ఒక్క ప్రశ్న కూడా వేయకుండా విన్నది.

తర్వాత ఒక వారం మధ్యాహ్నం భోజనాల దగ్గర మా ఇద్దరికీ ఇదే పని. మొదట చూసిన యాప్ ఉచితంగా వచ్చేది, నా ఫోనులో ఉన్నలాంటిదే. ముఖాలు చూస్తుంది, గుర్తుపెట్టుకుంటుంది, దానికి తోచినప్పుడు తెచ్చి చూపిస్తుంది. రెండోది తాళం వేస్తామని పెద్ద అక్షరాలతో రాసుకుంది. ఆపా కింద చిన్న అక్షరాలు చదివి, తాళంచెవి వాళ్ల దగ్గర కూడా ఒకటి ఉంటుందని పట్టేసింది. మూడోదాంట్లో ఫొటో మన ఫోనులోనే తాళం పడి, ఆ తర్వాతే బయటికి పోతుంది. అవతలివాళ్లకు అర్థంకాని అక్షరాల మూట తప్ప ఏమీ కనిపించదు. ముఖం ఉందో చెట్టు ఉందో కూడా వాళ్లకు తెలియదు. నెలనెలా కొంత కట్టాలి. ఇంత వెతికితే దొరికింది ఇదొక్కటే.

“ఒక్క మాట చెల్లే” అంది ఆపా. “చాబీ నీ కాడ్నే ఉంటది. పాస్‌వర్డ్ మర్చిపోయినవంటే కంపెనోడు సుత తెరవలేడు. గప్పుడు ఏడ్చినా లాభం లేదు. జర సోంచాయించి పెట్టు.”

పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు పాస్‌వర్డుగా పెట్టవద్దని కూడా చెప్పింది. నాకు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. పేరెక్కడిది? మా వైపు ఇరవై ఒకటో రోజున తొట్టెల వేసి పేరు పెడతారు. చివరికి ఒక పూర్తి వాక్యమే పాస్‌వర్డుగా పెట్టుకున్నాను, ఆ రోజు బండిలో దానికి చెప్పాలనుకుని చెప్పలేకపోయిన మాట. అదేమిటో ఇక్కడ రాయను. పాస్‌వర్డ్ పోతే పనికొస్తాయని ఆ యాప్ ఇరవై నాలుగు చిన్న చిన్న ఇంగ్లీషు మాటలు ఇస్తే, తెలివిగా వాటిని ఫొటో తీసి అదే ఫోనులో పెట్టుకున్నాను. ఆపా నెత్తి కొట్టుకుని, నీకు లెక్కలు ఎవరు నేర్పారే అని తిట్టి, కాగితం మీద రాయించింది. ఒక కాగితం నా సర్టిఫికెట్ల ఫైల్లో ఉంది. ఇంకొకటి కవరులో అంటించి ఆపా బీరువాలో పెట్టింది.

ఎక్కించడం అయ్యాక కూడా పాతచోట వెంటనే తీయనివ్వలేదు ఆపా. ముందు వేరే ఫోనులో ఆ యాప్ వేసి, పాస్‌వర్డ్ కొట్టి, ఒక ఫొటో వెనక్కి దింపి చూడమంది. దింపాను. ఆమె ఫోనులో, ఆమె ముఖం అటు తిప్పుకుని ఉండగా, నా బిడ్డ కళ్లు తెరుచుకుని కనిపించింది. అప్పుడు పాతచోట ఒక్కొక్కటీ తీసేశాను. ఆల్బమ్‌లోంచి, చెత్తబుట్టలోంచి, బావగారి ఫోనుకు పోయే దారిలోంచి కూడా. ఇక ఆ యంత్రం నన్ను అడగడానికి దాని దగ్గర ముఖమే లేదు. బస్టాండులో నిలబడి చాలా రోజుల తర్వాత ఫోను చేతిలో పట్టుకుని ఇంటికి వచ్చాను.

అంతటితో అయిపోతే బాగుండేది. పాప ఫొటోలు కూడా ఆ తాళంలోకే మారుద్దామని కూర్చున్నాను. ఒక పెట్టె పాపది, ఒకటి మొదటి బిడ్డది. కొత్తచోట ముఖాలు చూసేవాళ్లెవరూ లేరు కాబట్టి ఏది ఎవరిదో నేనే చూసి వేయాలి. తేదీలు ఉన్నంతవరకు సులువుగానే జరిగింది. అప్పుడొక ఫొటో దగ్గర వేలు ఆగింది. మా ఆయన పాత ఫోనులో తీసి, ఎప్పుడో నాకు మెసేజ్‌లో పంపింది. ఆ ఫోను పాడై పోయింది. ఫొటోకు సరైన తేదీ లేదు. వారం రోజుల పిల్ల నిద్రపోతోంది, తల పక్కకు తిప్పి, పిడికిలి గదవ కింద పెట్టుకుని.

పురుడు అయ్యేదాకా మేము పిల్లకు కొత్త బట్ట వేయం. ఇద్దరినీ చుట్టింది అత్తమ్మ పాత చీరలు చింపిన గుడ్డల్లోనే, అదే ఆకుపచ్చ అంచు. అదే దవాఖాన, అదే ఇల్లు, అదే మంచం. మా ఆయనకు చూపించాను. టీవీ తీగ లాగిన రోజు తర్వాత ఆయన అలాంటి ఫొటో చేతిలోకి తీసుకోవడం అదే మొదలు. చాలాసేపు చూసి, “నాకు తెల్వదు” అని ఫోను మంచం మీద పెట్టి బయటికి పోయాడు. బండి తీసిన చప్పుడు వినిపించింది.

నాకూ తెలియలేదు. ఆ మాట రాయడానికి సిగ్గుగా ఉంది. నెలల తరబడి యంత్రాన్ని తిట్టాను, ఇద్దరు పిల్లల్ని ఒక్కటి చేసిందని. ఇప్పుడు అదే ప్రశ్న నా ముందుంది, అడిగేవాళ్లు ఎవరూ లేరు, కన్నదాన్ని నేనే చెప్పలేకపోతున్నాను. పెద్దది చేసి చూశాను, చిన్నది చేసి చూశాను. కాసేపు పాప అనిపించేది, కాసేపు కాదనిపించేది. తెలియకుండా పాప పెట్టెలో వేస్తే నా మొదటి బిడ్డను రెండోసారి పోగొట్టుకున్నట్టే. అటు వేస్తే బతికున్న పిల్లను పోయినదాని పక్కన పడుకోబెట్టినట్టే. రెండు రోజులు ఆ ఫొటోను ఎటూ వేయలేదు.

మూడో రోజు ఆదివారం. పాప పక్కింట్లో ఆడుకుంటోంది. నేను స్కూలుకు పోతే పాపను చూసుకోవడానికి మా దగ్గరే ఉంటున్న అత్తమ్మ అరుగు మీద చేట ఒళ్లో పెట్టుకుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. వేములవాడ పోయి వచ్చినప్పటి నుంచి ఆమె నా ఫోను వైపు కన్నెత్తి చూడలేదు. అన్నీ తీసేశాననే అనుకుంటోంది. చూపిస్తే ఇంట్లో ఏమవుతుందో నాకు తెలుసు. అయినా ఇంకెవర్ని అడగను?

“అత్తమ్మా, ఒక్కటి సూడు. తిట్టేదుంటే సూసినంక తిట్టు” అన్నాను.

చేతులు కొంగుకు తుడుచుకుని ఫోను తీసుకుంది. అద్దాలు అడగలేదు. చెయ్యి చాచి దూరంగా పట్టుకుని ఒక్కసారి చూసింది.

“గిది పెద్దదే” అంది.

ఆ పిల్లను పెద్ద బిడ్డ అని ఎవరైనా అనడం నేను అంతవరకు వినలేదు. ఎట్లా తెలుసని అడిగాను.

“ఎడమ చెవి సూడు. అంచు మడత వడి పుట్టింది. రోజూ తానం పోసేటప్పుడు నూనె రాసి సాపు జేస్తుంటి. పదకొండు దినాలల్ల సాపు గాలే.”

ఫోను తీసుకుని పెద్దది చేశాను. ఉంది. బియ్యపు గింజలో సగం కూడా లేని మడత. అన్నేళ్లుగా చూస్తున్న ముప్పై ఏడు ఫొటోల్లో అది ఎన్నింటిలో ఉందో, నేను ఒక్కసారీ చూడలేదు. పాప చెవి చక్కగా ఉంటుంది, రోజూ కమ్మలు పెడతాను, నాకు తెలుసు. నాకు కోపం కూడా వచ్చింది. మరి మళ్లీ అదే వచ్చిందని నాతో ఎందుకన్నావని గట్టిగానే అడిగాను.

ఆమె బియ్యం వైపు చూస్తూ చెప్పింది. “అనకుంటే నువ్వు బువ్వ తింటివా? పిల్లకు పాలెట్ల వడ్తుండె?”

ఫొటోలన్నీ తీసేశావా అని తర్వాత అడిగింది. లేదన్నాను. తాళం సంగతి చెప్పాను, నేను తప్ప ఎవరూ తెరవలేరని, టీవీలోకి రావని, పాప మీదికి రావని. ఎన్ని ఉన్నాయంది. దీంతో ముప్పై ఎనిమిది అన్నాను. చేట పక్కకు జరిపి, “సూపియ్యి” అంది.

పాస్‌వర్డ్ రెండుసార్లు తప్పు కొట్టాను. మూడోసారికి తెరుచుకుంది. అరుగు మీద ఆమె పక్కన కూర్చుని మొదటిది చూపించాను. ఆమె బొటనవేలు బిడ్డ ఎడమ చెవి మీద పెట్టి, కింది నుంచి పైకి మెల్లగా రాసింది. వేలు తగలగానే బొమ్మ పక్కకు జరిగిపోయింది. వెనక్కి తెచ్చాను. మళ్లీ రాసింది, మళ్లీ జరిగిపోయింది. పోయినప్పుడల్లా వెనక్కి తెచ్చి ఆమె వేలి కింద పెడుతూ కూర్చున్నాను.